మిర్యాలగూడ ట్యూబులు

మా చెల్లెలు డాక్టరు. నేనూ డాక్టరునే. మొదటి మాట చెబితే ఎవరూ ఏమీ అనరు. రెండో మాట చెబితే మాత్రం ఎవరో ఒకరు "అట్లనా?" అంటారు.

తను ఎంబీబీఎస్, ఆ పైన ఎండీ చేసి మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో ఐసీయూ చూస్తుంది. నేను బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి సూర్యాపేటలో రక్తం ట్యూబులు చూస్తాను. ఇద్దరం ఒకే పరీక్ష రాసినవాళ్ళమే. నాకు మెడికల్ సీటు రాలేదు. కొన్నేళ్ళకు అదే పరీక్షకు నా పుస్తకాలే చదివి, నేను పెన్సిల్‌తో గీతలు గీసిపెట్టిన పేజీలే తిరగేసి తను సీటు తెచ్చుకుంది. "అక్క గీతలు గీసిన కాడ సదివితే సాలు, అన్నీ గవే వచ్చినయ్" అని ఊరంతా చెప్పింది. నన్ను మెచ్చుకుంటున్నానని అనుకుంది పాపం. ఆ మెప్పు పుండు మీద కారంలా ఇప్పటికీ మండుతుంది.

మాది పెన్‌పహాడ్ దగ్గర ఊరు, గొర్లు కాసిన ఇల్లు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటుంది. నా ఇంట్లో తిని చెల్లెలి పాట పాడుతుంది. ఊరి నుంచి ఎవరైనా పని మీద సూర్యాపేట వస్తే మా ఇంటికే వస్తారు. నేను వండిపెడితే తిని, చెయ్యి కడుక్కుంటూ "డాక్టరమ్మ మంచిగున్నదా?" అని అమ్మనడుగుతారు. డాక్టరమ్మ అంటే నేను కాదు. ఒకసారి మా పెద్దమ్మ నేరుగా నన్నే పట్టుకుంది.

"నువ్వు సూదియ్యవు, గోలియ్యవు. మరి ఏం డాక్టరువే నువ్వు?"

"రక్తంల ఏమున్నదో సూస్త పెద్దమ్మా."

"సూసి?"

ఆ "సూసి?" అన్న దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. లేకపోవడమేమిటి, పెద్ద జవాబే ఉంది. కానీ ఆమె అప్పటికే చెల్లెలికి పంపడానికి తెచ్చిన జున్ను గిన్నె మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుంటోంది.

ఆ జవాబు ఇక్కడ చెబుతాను. కాలి పుండో, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడమో, మూత్రంలో చీము పడడమో, ఒంట్లో ఎక్కడో మొదలైన ఇన్ఫెక్షన్‌ను ఎదిరించబోయి ఒళ్ళు తనను తానే దెబ్బ తీసుకోవడాన్ని సెప్సిస్ అంటారు. మా వైపు "ఒళ్ళంత ఇషమెక్కింది" అంటారు. ఆ పోరాటంలో ఇనుము తుప్పుపట్టినట్టు లోపలి కణాలు పాడవుతాయి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని మేం అనేది దాన్నే. ఆ తుప్పును అడ్డుకునే వాటిలో విటమిన్ సి ఒకటి. సెప్సిస్‌తో ఐసీయూకి వచ్చే మనిషి రక్తంలో అది అప్పటికే అడుగంటి ఉంటుందనీ, ఎంత అడుగంటితే ప్రాణానికి అంత గండమనీ నా అంచనా. అది నిజమని తేలితే ఎవరిని ముందు గట్టిగా పట్టుకోవాలో ఒక్క ట్యూబుతో చెప్పవచ్చు. మనిషిని కాపాడిన చెయ్యి చెల్లెలిదే కావచ్చు, కానీ ఎవరిని ముందు కాపాడాలో చెప్పిన నోరు నాదవుతుంది. నిజం చెప్పాలంటే నేను ఈ పని మొదలుపెట్టడానికి సగం కారణం అదే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ళ ఐసీయూల నుంచి నాకు ట్యూబులు వచ్చేవి. రోగి చేరగానే, అక్కడి మందులు మొదలుపెట్టక ముందే రక్తం తీయాలి. విటమిన్ సి మహా సున్నితం. వెలుతురు తగిలినా, వేడి తగిలినా, ఆలస్యమైనా పాడైపోతుంది. అందుకే ట్యూబుకు రేకు చుట్టి, ఐసులో పెట్టి, వెంటనే పై తేట వేరుచేసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించాలి. ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కోదాడ బస్సులో, మిర్యాలగూడ బస్సులో రెండేళ్ళు తిరిగాను. "ఏం చేపలు మేడం?" అని కండక్టర్లు అడిగేవాళ్ళు.

సూర్యాపేట ట్యూబులు నా అంచనా ప్రకారమే వచ్చాయి. కోదాడవీ అంతే. మిర్యాలగూడవి మాత్రం రాలేదు. చావు అంచుల్లో ఉన్న మనుషుల రక్తంలో కూడా విటమిన్ సి నిండుగా ఉంది. ఒకటో రెండో అయితే పొరపాటు అనుకునేదాన్ని. వరసగా అట్లాగే వస్తున్నాయి.

మా పనిని పైనుంచి చూసే పెద్దసారు హైదరాబాదులో ఉంటారు. లెక్కలు పంపితే ఫోన్ చేశారు.

"మిర్యాలగూడలో ట్యూబులు బాగా చూసుకుంటున్నారేమో అమ్మా. మీ దగ్గరా, కోదాడలోనూ ఆలస్యమై విటమిన్ పాడైపోతోందేమో. మీ చెల్లెలి పద్ధతి ఒకసారి వెళ్ళి చూసి రండి. నేర్చుకోవడంలో తప్పు లేదు కదా."

తప్పు లేదట! రేకు చుట్టడం తనకు నేర్పింది నేను. ఐసులో ఉప్పు కలపమని చెప్పింది నేను. ఇప్పుడు నా ట్యూబుల్లో తగ్గిన విటమిన్ రోగం వల్ల తగ్గింది కాదు, నా చేతకానితనం వల్ల తగ్గింది అని తేలబోతోంది. అంటే నా రెండేళ్ళ పని సున్నా, దానికి సాక్ష్యం మా చెల్లెలి ట్యూబులు. వారం తిరిగేసరికి కోదాడలో మూడు ఊళ్ళవాళ్ళం కూర్చుని పని ముందుకు నడపాలా, ఆపాలా తేల్చాలి. సారు ఫోన్ చేసిన రోజు అమ్మ "చిన్నది ఫోన్ జేసింది, నిన్ను అడిగింది" అంటే వినకుండా లోపలికి వెళ్ళిపోయాను.

మిర్యాలగూడ బస్సెక్కాను. దారంతా వరి పొలాలే. నా బుర్రలో మాత్రం చెల్లెలి తప్పులే. ఎక్కడో ఒకచోట తప్పు చేసి ఉండాలి. ట్యూబుల మీద పేర్లు తారుమారు చేసి ఉండాలి. లేదంటే రోగికి అంతా ఎక్కించాక తీరిగ్గా రక్తం తీస్తుండాలి. ఏ తప్పయినా ఫర్వాలేదు, తనదై ఉంటే చాలు.

ఐసీయూ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "అక్కా! ఏంది గిట్ల చెప్పకుంట వస్తివి? అమ్మ మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది. నీ ట్యూబులు ఎట్ల తీస్తున్నరో సూద్దామని వచ్చిన."

"సూడు. నువ్వు చెప్పినట్టే తీస్తున్నం. ముందు ఏమన్న తిను."

తినలేదు. నిలబడి చూశాను. రక్తం తీసే సిస్టరు చెయ్యి వణకదు. రేకు ముందే కత్తిరించి పెట్టుకుంది. ఐసు కరగడానికి ముందే మారుస్తున్నారు. తేట వేరుచేసే మిషన్ పక్క గదిలోనే ఉంది, నాలా మెట్లెక్కి పరిగెత్తాల్సిన పని లేదు. ఒక్క తప్పు కూడా కనబడలేదు. పైగా గదిలో ఎవరు ఎవరిని పిలిచినా గొంతు లేవలేదు. నా ల్యాబులో నేను అరవకపోతే ఏ పనీ కాదు.

అప్పుడు వేములపల్లి వైపు నుంచి ఒక రైతును ఆటోలో తీసుకొచ్చారు. పొలంలో కాలికి దెబ్బ తగిలి, పుండు ముదిరి, జ్వరంతో మాట తడబడుతోంది. పక్కన భార్య. ఆమె కుడిచెయ్యి పైకెత్తి సెలైన్ బాటిల్ పట్టుకుంది. బాటిల్‌లో నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. గొట్టం భర్త చేతికి వేలాడుతోంది. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు పెట్టి, అయిపోయేదాకా ఆగకుండా అట్లాగే ఆటో ఎక్కించాడు.

సిస్టరు అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది. "ఇంటికాడ మందులేమన్న వాడిండా?"

"ఏం వాడలే మేడం. ఒక్క గోలి గూడ ఏస్కోలే, వద్దంటడు."

ఆమె చేతిలోంచి బాటిల్ తీసుకుని సిస్టరు స్టాండుకు తగిలించింది. రెండో చేతి నుంచి శుభ్రంగా రక్తం తీసింది. రేకు చుట్టి ఐసులో పెట్టింది. మందులు ఏమీ వాడలేదని రాసుకుంది. అక్కడున్న ఎవరికీ అందులో వింతేమీ కనిపించలేదు. నాకు కూడా కాసేపు కనిపించలేదు. మా వైపు జ్వరమొస్తే ముందు గ్లూకోజ్ పెట్టించుకోవడం అన్నం తినడమంత మామూలు విషయం.

తర్వాత తట్టింది. భార్య దగ్గరికి వెళ్ళాను. "గిదేందమ్మా?"

"గిదా? గ్లూకోజే గద. బలానికి పెట్టిచ్చినం."

"పచ్చగున్నదేంది?"

"అండ్ల బలం సూది కలిపిండు. అందరికి గట్లనే కలుపుతడు."

బలం సూది అంటే విటమిన్లు కలిపిన ఇంజెక్షన్. అందులో విటమిన్ సి ఉంటుంది. మా ఊళ్ళవాళ్ళ లెక్కలో గోలీ మందు, సూది మందు. బలానికి పెట్టించుకునే గ్లూకోజ్ మాత్రం మందు కాదు. అడిగితే అబద్ధం చెప్పరు, అసలు చెప్పాలనే తోచదు. మిర్యాలగూడకు మనుషులు బాటిల్ చేతిలో పట్టుకునే దిగుతున్నారు. వాళ్ళ రక్తంలో నేను చూసిన విటమిన్ ఒంట్లోది కాదు, గొట్టంలోంచి అప్పుడే ఎక్కినది.

చెల్లెలు ఏళ్ళ తరబడి ఆ బాటిళ్ళ మధ్య తిరుగుతూ గమనించలేదు. నేను వచ్చిన పూటే పట్టుకున్నాను. ఆ మనిషి మంచం మీద రొప్పుతుంటే పక్కన నిలబడి నాకు సంతోషం కలిగింది. దాచుకోలేనంత సంతోషం.

చెల్లెలు అప్పటికే పుండు విప్పి చూస్తోంది. యాంటీబయాటిక్ ఏది పెట్టాలో చెప్పింది, బీపీ చూసింది, భార్యతో "నువ్వు భయపడకు, నేనీడనే ఉంట" అంది. ఆమె మా చెల్లెలి చెయ్యి రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. బాటిల్ సంగతి అడిగిన నా వంక మళ్ళీ చూడనైనా లేదు. సరే, కోదాడలో చూసుకుందాం అనుకున్నాను. అందరి ముందూ, పెద్దసారు ముందు చెబుతాను. అందుకే చెల్లెలితో ఏమీ అనలేదు. తను మాత్రం ఒకసారి బాటిల్ వైపు, ఒకసారి నా మొహం వైపు చూసింది.

కోదాడ మీటింగుకు ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను. ఏం మాట్లాడాలో బస్సులోనే అనుకుంటూ పోయాను. మెత్తగా మొదలుపెట్టాలి, చెల్లెలి మీద జాలి పడుతున్నట్టు. పెద్దసారు, కోదాడ ఐసీయూ డాక్టరు, చెల్లెలు, నేను బల్ల చుట్టూ కూర్చున్నాం. టీలు వచ్చాయి. నేను గొంతు సవరించుకునే లోపల చెల్లెలు లేచి నిలబడింది.

"సార్, మిర్యాలగూడ ట్యూబులన్నీ తీసెయ్యండి. తప్పు మాది. మా దగ్గరికొచ్చే వాళ్ళంతా విటమిన్లు కలిపిన గ్లూకోజ్ పెట్టిచ్చుకునే వస్తున్నరు. అది మేం అడగలే. కండ్ల ముందట బాటిల్ యేలాడుతున్నా నాకు తట్టలే. అక్క వచ్చి సూసింది, అప్పుడు నాకర్థమైంది."

నేను చెప్పాల్సిన మాటలన్నీ తనే చెప్పేసింది. పైగా కనిపెట్టిన పేరు నాకే ఇచ్చింది. కానీ ఆ గదిలో ఎవరైనా నా వంక చూస్తేగా!

పెద్దసారు కళ్ళజోడు తీసి చెల్లెలి వైపు చూశారు. "తన తప్పు తనే ఇంత సూటిగా చెప్పే మనిషిని నేను ఈ మధ్య చూడలేదమ్మా."

కోదాడ డాక్టరు తలూపాడు. "గుండె ఉండాలండీ అట్లా చెప్పడానికి. నేనయితే చెప్పేవాణ్ణి కాదేమోనండి."

"అయితే మిర్యాలగూడ పక్కన పెడదాం" అన్నారు పెద్దసారు నాతో. "సూర్యాపేట, కోదాడ ఉన్నాయి. రెండూ మీ అంచనా ప్రకారమే ఉన్నాయి. మీ పని నిలబడుతుంది. ముందుకు వెళదాం."

నాకు కావలసింది దొరికింది. నా ట్యూబులు మంచివి, చెల్లెలివి చెడ్డవి. అదే కదా నేను కోరుకున్నది. నోరు మూసుకుని టీ తాగితే అయిపోయేది. కానీ బల్లకు అవతల తను తలొంచుకుని కూర్చుంది, అందరూ తనని మెచ్చుకుంటున్నారు, అదీ నా తప్పుకు.

అవును, నా తప్పే. రోగి తరఫువాళ్ళను ఏమేం అడగాలో మూడు ఊళ్ళకూ రాసిచ్చింది నేను. "మందులేమన్నా వాడారా?" అన్న ప్రశ్న నాది. గ్లూకోజ్ పెట్టించారా అని అడగాలని తోచనిది నాకే. నేనూ ఆ ఊరిదాన్నే మరి. చిన్నప్పుడు జ్వరమొచ్చిన ప్రతిసారీ దూలానికి బాటిల్ కట్టి ఎక్కించినా, బళ్ళో పంతులు అడిగితే మందులేం వాడలేదనే చెప్పేదాన్ని. అంత చదువు చదివాక కూడా నా లెక్కలో బాటిల్ మందులోకి రాలేదు.

లేచాను. "సార్, తప్పు ఆమెది కాదు. ఆ ప్రశ్న రాసింది నేను. నేను రాసింది రాసినట్టు వాళ్ళు అడిగారు."

నిజాయితీ అనుకునేరు. కానే కాదు. నా సీటు తీసుకుంది, ఊరిని తీసుకుంది, నా ఇంట్లో అన్నం తినే అమ్మను తీసుకుంది. నేను చేసిన తప్పును కూడా తీసుకుపోయి దానికి మెప్పు కొట్టేస్తుంటే నేను చూస్తూ కూర్చోలేకపోయాను.

చెల్లెలు చటుక్కున తలెత్తింది. కళ్ళతోనే వద్దు, కూర్చో అంది. నేను కూర్చోలేదు.

పెద్దసారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "అంటే మూడు చోట్లా ఇదే ప్రశ్న."

"మూడు చోట్లా."

ఆయన కోదాడ డాక్టరు వైపు తిరిగారు. అతను ఇబ్బందిగా కదిలాడు. "మా దగ్గరా అందరూ పెట్టించుకునే వస్తారండీ. కాకపోతే ముందురోజు పెట్టించుకుంటారు, ఆ తెల్లారి వస్తారు. మేమూ అడగలేదండీ."

సూర్యాపేటలోనూ అంతే. ఎవరు ఎప్పుడు ఎక్కించుకున్నారో, వచ్చేలోపల ఎంత ఖర్చయిందో, ఎవరు అసలు ఎక్కించుకోలేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నా ట్యూబుల్లో తక్కువ ఉన్నది రోగం వల్లో, పాత బాటిల్‌లోని విటమిన్ ఖర్చయిపోవడం వల్లో తెలియదు. పెద్దసారు కాగితాలు దగ్గరికి తీసి సంచిలో పెట్టుకున్నారు.

"అయితే ఏ ట్యూబునూ నమ్మలేం అమ్మా. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. ఓపిక ఉంటే."

రెండేళ్ళ పని అట్లా పోయింది. నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.

చెల్లెలు కారులో వచ్చింది. నన్ను సూర్యాపేటలో దింపి పోతానంది, తనకు చుట్టుదారైనా. వద్దన్నాను. వినలేదు. హైవే ఎక్కగానే అడిగింది.

"జర సేపు నోరు మూసుకొని కూసుంటే నీ సొమ్మేం పోయేదక్కా?"

"ప్రశ్న నేను రాసిందని నీకు తెల్వదా?"

"ఎందుకు తెల్వదు? నువ్వు ఆ బాటిల్ దిక్కు సూసినప్పుడే తెలిసింది. నా ట్యూబుల మీదికి తోసేస్తే నీ పనన్న నిలబడుతదనుకున్న."

"అబద్ధం మీద నిలబెడుదామనుకున్నవా?"

"అబద్ధమేంది? మా దగ్గర అడగలేదన్నది నిజమే గద."

"నీ పుణ్యాన నిలబడేదైతే పడిపోనీ. నా తప్పు నాకుండనీ. గదన్న నాకుండనీ."

ఆ మాట నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. కొంచెం దూరం పోయాక చెల్లెలు కారు పక్కకు తీసి ఆపింది. లారీలు పోతుంటే కారు ఊగుతోంది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"ఎండల, వానల, ఆ ఐసు డబ్బ ఒళ్ళె పెట్టుకొని తిరిగినవ్ గదే అక్కా" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఐసీయూలో ఎందరు పోయినా చెక్కుచెదరని మనిషి.

నేను పక్క సీట్లో కూర్చుని చూస్తున్నాను. పోయింది నా పని, ఏడవాల్సింది నేను. నాకింకా ఏడుపు రాకముందే దాన్ని కూడా తనే ఏడ్చేస్తోంది.